చెయ్యెత్తని క్లాసు

స్టాఫ్ క్వార్టర్స్, మూడో అంతస్తు
బడి తెరిచిన మొదటి వారం

ఒసేయ్ చిన్నదానా,

ఫోన్లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికల్లా జుట్టూ జుట్టూ పట్టుకుంటాం, కాబట్టి ఉత్తరాలే రాసుకుందాం అని విమానాశ్రయంలో నా చేత ఒట్టు వేయించావు కదా. ఇదిగో, నిలబెట్టుకుంటున్నాను. మెయిల్లో పంపినా ఉత్తరం ఉత్తరమే. ఆదివారాలు నీ దగ్గర వదిలొచ్చిన నా కూతురు దొరసానితో ఫోన్. నీతో మాత్రం రాతకోతలే.

ముందు నా ఏడుపు విను. ఇచ్చిన గది అగ్గిపెట్టెంత. కిటికీ ఉంది కానీ తెరుచుకోదు. పొయ్యి కరెంటుది. గిన్నె కొంచెం పక్కకు జరిగితే చాలు, కుయ్యి కుయ్యిమని అరిచి ఆగిపోతుంది. నిన్న అన్నం వండడానికి దానితో నాలుగుసార్లు యుద్ధం చేశాను. చివరికి అదే గెలిచింది, బ్రెడ్డు తిని పడుకున్నాను.

ఇక బడి. క్లాసుకి నాలుగు గోడలుండాలని వీళ్లకెవరూ చెప్పినట్టు లేదు. ఒకవైపంతా అద్దం. చేపల తొట్టిలో నిలబడి పాఠం చెప్పినట్టుంది. పిల్లల కుర్చీలకి చక్రాలు! మొదటి రోజు నేను లోపలికి వెళితే ఒక్కడూ లేవలేదు. ఒకడు చక్రాల కుర్చీలో అలా దొర్లుకుంటూ వచ్చి, నన్ను పేరు పెట్టి పిలిచి, "హాయ్" అన్నాడు. మా అత్తగారు కూడా నన్ను పేరు పెట్టి పిలిచి ఎరగదు!

నేనూరుకుంటానా? వారం తిరిగేసరికి దారిలో పెట్టాను. ఇప్పుడు నా క్లాసులో సూది కిందపడితే వినిపిస్తుంది. మన బడిలో నన్ను "సైలెన్సు మేడం" అనేవాళ్లు గుర్తుందా? నా చెప్పుల చప్పుడు వింటే వరండా మీద కాకులు కూడా నోరు మూసుకునేవి. ఊరు మారినంత మాత్రాన చెప్పులు మారతాయా?

మా ప్రిన్సిపాలు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. నేను నవ్వులమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఏడాదిలో మూడుసార్లు వచ్చి నా పాఠం చూస్తుందట. నచ్చితే ఉద్యోగం ఖాయం చేస్తారు. ఖాయమైతే పైఏడు దొరసానికి ఇదే బడిలో పదో తరగతి సీటు, ఫీజు లేకుండా. నాకు కావలసింది అదొక్కటే. ఈ పొయ్యినీ ఈ అద్దాలనీ దానికోసమే భరిస్తున్నాను. మీ బావ పోయాక ఎవర్నీ అడక్కుండా నేను తీసుకున్న మొదటి నిర్ణయం ఇది. ఇది తప్పు కాకూడదే.

దొరసాని రోజూ ఒక గంట లెక్కలు చేస్తోందో లేదో చూడు. నా కూతురు, లెక్కల్లో దానికి తిరుగులేదు, కానీ వదిలేస్తే తుప్పు పడుతుంది.

నీ అక్క

*

ఇల్లు, వంటింటి బల్ల దగ్గర
రెండు వారాల తర్వాత

అక్కా,

ఉత్తరం అందింది. తిట్లు కూడా క్షేమంగా చేరాయి.

ఇక్కడ మా తంటాలు మావి. దొరసాని బాత్‌రూంలోకి వెళితే మళ్లీ బయటికి వచ్చేది ఎప్పుడో దేవుడికే తెలియాలి. మీ మరిది తువ్వాలు భుజాన వేసుకుని తలుపు ముందు కాపలా కాస్తున్నాడు. "మీ అక్క కూతుర్ని ఏమీ అనలేను, నా ఖర్మ" అని గొణుక్కుంటాడు. అది బయటికొచ్చి "బాబాయ్, ఇంకా వెళ్లలేదా ఆఫీసుకి?" అని అడుగుతుంది. ఏం చెప్పమంటావు?

దాని గురించి నువ్వేం బెంగ పెట్టుకోకు. చాలా స్వతంత్రంగా ఆలోచించడం నేర్చుకుంటోంది. కొత్త లెక్కల మాస్టారి పద్ధతికి అలవాటు పడడానికి కాస్త సమయం తీసుకుంటోంది, అంతే. ఎదగడానికి దానికి బోలెడంత అవకాశం ఉంది.

నా ఆఫీసు సంగతి అడక్కు. ఈ నెల మళ్లీ కొందరిని పంపించాలన్నారు. బట్టల కంపెనీలో హెచ్చార్ అంటే అందరూ పండక్కి బోనస్ ఇచ్చేదాన్ని అనుకుంటారు. నేను చేసేదేమో కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, నవ్వుతూ ఉద్యోగం ఊడబెరకడం. ఇంటికొచ్చాక దవడలు నొప్పెడతాయి.

పొయ్యి మీద గిన్నె అడుగు తడిగా ఉంటే అది అరుస్తుందట, తుడిచి పెట్టి చూడు.

నీ చెల్లి

*

స్టాఫ్ క్వార్టర్స్
మొదటి టర్ము సగంలో

చిన్నదానా,

తుడిచి పెట్టాను. అరవలేదు. నీకు ఈ ఒక్క విషయంలో మార్కులిస్తున్నాను.

నవ్వులమ్మ మొన్న నా పాఠం చూసింది. అదిరిపోయిందనుకో! వెనక కుర్చీలో కూర్చుని పాఠం అయ్యేదాకా ఏదో రాసుకుంటూనే ఉంది. తర్వాత నన్ను తన గదికి పిలిచి స్వయంగా కాఫీ కలిపి ఇచ్చింది. మన హెడ్మాస్టరు ఇన్నేళ్లలో ఎవరికైనా మంచినీళ్లిచ్చాడా?

ఏమందో విను. "మీ క్లాసులో ఎంత నిశ్శబ్దం! నేనెక్కడా ఇలాంటిది చూడలేదు" అంది. "మీ బోర్డు ఎంత నిండుగా ఉందో! అన్ని మెట్లూ మీరే రాసేశారు" అంది. "మీ గొంతు నడవా చివరిదాకా వినిపించింది, ఎంత ఓపిక మీకు!" అంది. చివర్లో, "మీకు సబ్జెక్టు మీద ఉన్న ప్రేమ పిల్లలకి కూడా అందితే ఎంత బాగుంటుందో కదా" అంది. అప్పుడప్పుడూ కూర్చోమని కూడా చెప్పింది. నా మోకాళ్ల మీద ఎంత శ్రద్ధో!

ఇన్నేళ్ల సర్వీసులో నన్నెవరూ ఇంతగా మెచ్చుకోలేదే. గదికొచ్చి తలుపేసుకుని కాసేపు ఏడ్చాను కూడా. దొరసానికి చెప్పు, సూట్‌కేసు ఏ రంగుది కావాలో ఇప్పట్నుంచే ఆలోచించుకోమను.

కోపం తెప్పించే సంగతులకి మాత్రం కొదవలేదు. తప్పులు ఎర్ర సిరాతో దిద్దకూడదట. "తప్పు" అని రాయకూడదట, "ఇంకా రాలేదు" అని రాయాలట. రెండు రెళ్లు అయిదు అని రాసినవాడికి ఇంకా రాలేదట! ఎప్పుడొస్తుంది, బస్సెక్కిందా?

నీ అక్క

*

ఇల్లు
వెంటనే

అక్కా,

చదివాను. రెండు మూడు చిన్న ప్రశ్నలు, కోప్పడకు.

ఆ కాఫీ తర్వాత, మాట్లాడుకున్నవన్నీ మళ్లీ మెయిల్లో పంపిందా? పంపితే చివర్లో తేదీ ఏదైనా వేసిందా? "మద్దతు" అనే మాటగానీ, "ప్రయాణం" అనే మాటగానీ వాడిందా? రెండోసారి చూడడానికి, ముందు అనుకున్నదానికంటే తొందరగా వస్తానందా?

ఊరికే అడుగుతున్నాను. ఇక్కడంతా బాగానే ఉంది. దొరసాని తన అభిప్రాయాలు చాలా ధైర్యంగా చెబుతోంది.

నీ చెల్లి

*

స్టాఫ్ క్వార్టర్స్
రెండో టర్ము మొదట్లో

ఒసేయ్,

నువ్వు ఊరికే ఏదీ అడగవు. పోలీసు పుటక పుట్టాల్సింది. అవును, మెయిలు పంపింది. అవును, తేదీ వేసింది. "ఈ ప్రయాణంలో మీకు మా పూర్తి మద్దతు" అంది. అయితే ఏమిటట? మర్యాదస్తులు అలాగే రాస్తారు. మన బడిలో మెమో ఇస్తే తిట్లు పైసా ఖర్చు లేకుండా వచ్చేవి, ఇక్కడ మెచ్చుకుని రాస్తున్నారు. నీ కళ్లు మండుతున్నాయా?

రెండోసారి కూడా చూసేసింది, ముందుగానే. అప్పుడూ పొగడ్తలే, మళ్లీ ఒక మెయిలూ. దానికి సాక్ష్యం చెప్తా విను, నాకు అసిస్టెంటుని ఇచ్చారు!

నా ఈడువాడే, బట్టతల, సైన్సు మాస్టారు. "ఇకనుంచి ఈయన మీ క్లాసులో మీతోపాటు ఉంటారు" అని నవ్వులమ్మ తీసుకొచ్చి అప్పగించింది. కొత్తగా చేరినవాళ్లలో ఇంకెవరికీ ఇవ్వలేదు, నాకొక్కదానికే! మంచి మనిషి. బోర్డు తుడవమంటే తుడుస్తాడు. గ్రాఫు కాగితాలు తెమ్మంటే తెస్తాడు. మిగతా సమయంలో వెనక కూర్చుని నేను చెప్పేది శ్రద్ధగా రాసుకుంటాడు. పాపం, ఆయనకి లెక్కలంటే ఇష్టం కాబోలు. నిన్న మధ్యలో చెయ్యెత్తి "ఈ మెట్టు పిల్లలెవరైనా చెబుతారేమో అడుగుదామా?" అన్నాడు. "మీరు కూర్చోండి మాస్టారూ, పాఠం నడుస్తోంది" అన్నాను. కూర్చున్నాడు.

దొరసాని మొన్న ఫోన్లో అంటీ ముట్టనట్టు మాట్లాడింది. "బాగున్నా, బాగున్నా" తప్ప ఇంకోమాట లేదు. ఏమైంది దానికి?

నీ అక్క

*

ఇల్లు, అందరూ బయటికి వెళ్లాక
మూడు రోజుల తర్వాత

అక్కా,

ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు కొట్టుకున్నాను. మీ మరిది వద్దన్నాడు. అయినా రాస్తున్నాను. కూర్చుని చదువు.

అవి పొగడ్తలు కావు. ఆ మాటలు నేను రోజూ వాడతాను. "ఎంత నిశ్శబ్దం" అంటే పిల్లలు నోరు విప్పడం లేదని. "బోర్డు నిండుగా ఉంది" అంటే అంతా నువ్వే చేసేస్తున్నావని. "మీ గొంతు నడవా చివరిదాకా" అంటే ఇక ఆపమని. కూర్చోమంది నీ మోకాళ్ల కోసం కాదు. కాఫీ తర్వాత వచ్చిన మెయిలు హెచ్చరిక. ఇప్పటికి నీకు రెండు వచ్చాయి. మూడోసారి తర్వాత వచ్చేది ఇక సెలవనే కాగితం.

ఆ సైన్సు మాస్టారు నీ అసిస్టెంటు కాదక్కా. నీకు నేర్పమని పంపిన మనిషి. ఆయన రాసుకునేది నీ లెక్కలు కాదు, నీ గురించి. పొమ్మనలేక పొగబెట్టారంటారు మనవాళ్లు. మా ఆఫీసుల్లో పొగబెట్టం, పొగుడుతాం.

మనింట్లో తిట్టారంటే మనవాళ్లని, మెచ్చుకున్నారంటే గొప్పని. అలా పెరిగాం. అందుకే నీకు తెలియలేదు. నీ తప్పేం లేదు. కానీ ఇంకా ఒక పాఠం మిగిలి ఉంది. సూటిగా వెళ్లి అడుగు. దొరసాని సీటు దాని మీదే ఉంది.

నీ చెల్లి

*

స్టాఫ్ క్వార్టర్స్

నవ్వుతూ మనుషుల గొంతులు కోసే ఉద్యోగం చేసి చేసి నీకు ఎవరు నవ్వినా కత్తే కనిపిస్తోంది. నేను బాగుపడితే ఓర్చుకోలేవు. చిన్నప్పట్నుంచీ అంతే. నా కొత్త రిబ్బను నీ జడలోనే కనిపించేది.

నేను క్లాసులో అడుగుపెట్టేనాటికి నువ్వు పలక మీద ఉమ్మేసి తుడుచుకుంటున్నావు. నాకు పాఠం చెప్పడం నువ్వు నేర్పుతావా? ఇక నాకు రాయకు. నా కూతురి సంగతి నేను దానితోనే మాట్లాడుకుంటాను.

*

స్టాఫ్ క్వార్టర్స్
నెల గడిచాక

చిన్నదానా,

నువ్వు నిజంగానే రాయలేదు. ఎంత మొండిదానివే! పెద్దదాన్ని కోపంలో వంద అంటాను, అన్నీ పట్టించుకుంటావా?

ఈ నెల రోజులూ క్లాసులో నిలబడి చాటుగా సైన్సు మాస్టార్నే చూశాను. నేను గట్టిగా మాట్లాడినప్పుడల్లా రాసుకుంటున్నాడు. నేను బోర్డు వైపు తిరిగినప్పుడల్లా రాసుకుంటున్నాడు. ఇక ఉండబట్టలేక, పిల్లలు వెళ్లాక, ఆయన బోర్డు తుడుస్తుంటే అడిగేశాను.

"మాస్టారూ, మీరు నా అసిస్టెంటేనా?"

ఆయన తుడవడం ఆపాడు. "కాదండీ. మీకు మా పద్ధతులు చూపించమని నన్ను వేశారు. మీకు తెలుసనే అనుకున్నాను."

"మరి ఇన్నాళ్లూ బోర్డెందుకు తుడిచారు?"

"మీరు తుడవమన్నారు కదండీ" అన్నాడు.

భూమి రెండుగా చీలితే అందులోకి దూరిపోయేదాన్ని. మా క్లాసూ మూడో అంతస్తులోనే కాబట్టి ఆ అదృష్టం కూడా లేదు.

తిన్నగా నవ్వులమ్మ గదికి వెళ్లాను. కాఫీ కలపబోయింది, వద్దన్నాను. "నేను ఫెయిలయ్యానా?" అని అడిగాను. "మేమా మాట వాడమండీ" అంది నవ్వుతూ. "నేను వాడతాను. అవునా, కాదా?" అన్నాను. అప్పుడు మొదటిసారి నవ్వు ఆపింది. నవ్వు లేకపోతే ఆవిడ మనలాగే ఉంది, అలసిపోయి. "మీ పిల్లల్లో ఒక్కరు కూడా మిమ్మల్ని ఇంతవరకు ఒక ప్రశ్న అడగలేదు. మీరది గమనించారా?" అంది.

ప్రశ్న ఎందుకు అడుగుతారు, నేను అంత బాగా చెప్తుంటే! ఇదీ నా మనసులో వచ్చిన మొదటి మాట. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. గదికి వచ్చి రాత్రంతా ఆ కుందేలు కాళ్లే లెక్కపెట్టాను.

కోపం ఇంకా తగ్గలేదే. వాళ్ల మీద కోపం, ఆ మాట మొదటి నెలలోనే మొహం మీద చెప్పి ఉంటే మార్చుకునేదాన్ని కదా! తిట్టడం చేతకానివాళ్లకి పిల్లల్ని ఎవరిచ్చారు? నీ మీద కోపం, నువ్వు చెప్పింది నిజమైనందుకు.

ఇంకొకటి. నీ భాష నాకు వచ్చేసింది కదా, పొద్దున్నే లేచి నీ పాత ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. "స్వతంత్రంగా ఆలోచిస్తోంది." మాట వినడం లేదు. "ధైర్యంగా అభిప్రాయాలు చెబుతోంది." ఎదురు తిరుగుతోంది. "కొత్త మాస్టారి పద్ధతికి సమయం తీసుకుంటోంది." "ఎదగడానికి బోలెడంత అవకాశం ఉంది."

నన్ను కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చావు కదే! నవ్వకుండా చెప్పు. నా కూతురికి ఏమైంది?

నీ అక్క

*

ఇల్లు
అదే రోజు

అక్కా,

నవ్వడం లేదు.

దొరసాని లెక్కల్లో తప్పింది. రెండు పరీక్షల్లోనూ. అత్తెసరు మార్కులు కూడా కాదు, మరీ తక్కువ. ఇప్పుడు లెక్కల పీరియడ్ రోజున కడుపునొప్పి అంటోంది. నేనూ మీ మరిదీ బతిమాలి, బెదిరించి, లాక్కెళ్లి బస్సెక్కిస్తున్నాం. పోయినవారం బస్సెక్కి మధ్యలో దిగిపోయి పార్కులో కూర్చుంది. మీ మరిది వీధులన్నీ తిరిగి వెతికి పట్టుకొచ్చాడు. 

ఎందుకు చెప్పలేదంటావా? నీకు చెబితే ఏం చేస్తావో నాకు తెలీదా? ఫోన్లో లెక్కలన్నీ నువ్వే చేసి పెడతావు. అదే దాని జబ్బు.

నిన్న రాత్రి దాన్ని పక్కన పడుకోబెట్టుకుని అడిగాను, లెక్కల మేడం కూతురివి, ఎప్పుడూ ఫస్టు వచ్చేదానివి, ఏమైందే అని. దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. తర్వాత ఇలా అంది. దాని మాటలు దానివే, నేనేమీ కలపలేదు.

"పిన్నీ, క్లాసులో లెక్క అమ్మే చేసేది. మేం చూసి రాసుకునేవాళ్లం. ఇంట్లో నేను రెండు లైన్లు రాసేలోపు అమ్మ పెన్ను లాక్కుని మిగతాది తనే చేసేసేది. ‘ఇలా కాదే మొద్దూ, ఇలా’ అనేది. పరీక్షలో అవే లెక్కలు వచ్చేవి, గుర్తుపెట్టుకుని రాసేదాన్ని. ఈ మాస్టారు కొత్త లెక్కలిస్తాడు. నాకు అన్ని లెక్కల్లోనూ మొదటి రెండు లైన్లే వచ్చు."

"మరి క్లాసులో అమ్మని అడగొచ్చు కదే" అన్నాను. "అమ్మ క్లాసులో ఎవరైనా చెయ్యెత్తుతారా?" అని అటు తిరిగి పడుకుంది.

అక్కడి బడికి రావాలని ఉందా అని కూడా అడిగాను. "అమ్మకి నాకు లెక్కలు రావని తెలిస్తే నన్నక్కడికి రమ్మంటుందా?" అంది.

ఇదక్కా సంగతి. తిట్టాలనుకుంటే నన్ను తిట్టు. దాన్ని ఏమీ అనకు, నీకు దండం పెడతాను.

నీ చెల్లి

*

స్టాఫ్ క్వార్టర్స్
ఏడాది చివర

చిన్నదానా,

నీ ఉత్తరం చదివి ఇన్నాళ్లు ఏమీ రాయలేకపోయాను. ల్యాప్‌టాప్ తెరవడం, మూసేయడం. "మొద్దూ" అన్న మాట దగ్గరే ఆగిపోయేదాన్ని. అవును, అనేదాన్ని. ప్రేమగానే అనేదాన్నే! అది దానికెలా తెలుస్తుంది, నవ్వులమ్మ నవ్వు వెనక ఏముందో నాకు తెలియనట్టే.

మూడో పాఠం అయిపోయింది. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఒకటే లెక్క బోర్డు మీద రాశాను. ఒక పైపు ట్యాంకుని ఆరు గంటల్లో నింపుతుంది. అడుగున చిల్లు పడింది, నిండు ట్యాంకు ఆ చిల్లులోంచి పన్నెండు గంటల్లో ఖాళీ అయిపోతుంది. రెండూ ఒకేసారి సాగితే ఎప్పుడు నిండుతుంది? రాసి, మార్కరు బల్ల మీద పెట్టేసి, కుర్చీలో కూర్చున్నాను. నా చేతులు నా మాట వినవని తొడల కింద పెట్టుకున్నాను.

ఎవరూ కదల్లేదు. ఆ నిశ్శబ్దం ఇన్నేళ్లూ నాకు సంగీతంలా ఉండేది. ఆ రోజు మాత్రం ఒక్కో క్షణం లెక్కపెట్టుకున్నాను. వెనక నవ్వులమ్మ, పక్కన సైన్సు మాస్టారు. నేను లేవబోయాను. మాస్టారు కళ్లతోనే వద్దన్నాడు.

చివరికి ఏడాదంతా నోరు విప్పని ఒక పిల్ల, రెండు జడలది, లేచి వచ్చింది. మొదటి లైను సరిగ్గా రాసింది. రెండోదీ సరిగ్గానే. మూడో లైనులో చిల్లుని తీసెయ్యాల్సింది పోయి కలిపేసింది! నాలుగు గంటల్లో నిండుతుందని తేల్చింది. ఒసేయ్, నా నాలిక చివర "ఇలా కాదే" అన్న మాట వచ్చి కూర్చుంది. మింగాను. ఎంత చేదో చెప్పలేను.

వెనకనుంచి ఒకడు అరిచాడు, "అంటే చిల్లు పెడితే ట్యాంకు తొందరగా నిండుతుందా? అయితే మా ఇంట్లో కూడా పెడతాను!" క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల కూడా నవ్వింది. "అరె, అవును కదా" అని తనే చెరిపేసుకుంది. ఇంకో ఇద్దరు లేచి బోర్డు దగ్గరికి వెళ్లారు. ఒకటే వాదన, ఒకటే గోల. పక్క క్లాసు టీచరు అద్దం దగ్గరికొచ్చి ఏమైందని చూసింది. నా క్లాసులో గోల! పీరియడ్ అయిపోయేముందు ఆ రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. "చిల్లు పైపుకంటే పెద్దదైతే?" అని అడిగింది. సరిగ్గా దానికోసమే నేను పుట్టినట్టనిపించింది.

తర్వాత నవ్వులమ్మ పిలిచింది. కాఫీ లేదు, నవ్వు లేదు. "మీ స్థానంలో మరొకరిని ముందే తీసుకున్నాం. ఈ రోజు పాఠం మొదట్లో చూసి ఉంటే వేరుగా ఉండేది. కానీ ఇప్పుడు మార్చలేను. కాదు" అంది.

ఏడాది మొత్తంలో ఆవిడ నాకు సూటిగా చెప్పిన మొదటి మాట "కాదు". ఆవిడ చెంప పగలగొట్టాలనిపించింది, చేతులు పట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. "నా కూతురి సీటు?" అని మాత్రం అడిగాను. తల అడ్డంగా ఊపింది.

మండిపోతోందే. నాకు పాఠం చెప్పడం వచ్చిన రోజే ఉద్యోగం పోయింది. ఎవర్ని తిట్టుకోవాలో తెలియక పొయ్యిని తిట్టాను.

ఈ నెలాఖరుకి వచ్చేస్తున్నాను. ఒక పని చెయ్యి. ఆ ట్యాంకు లెక్క దొరసానికి ఇవ్వు. ఈ ఉత్తరం చూపించకు. జవాబు చెప్పకు. నీకు రాదనుకో, అయినా చెప్పకు. మా మరిదికి అసలు చెప్పకు, ఆయన ఇంజనీరు, ఆగలేడు. సీటు పోయిందని దానికి నేనే ఫోన్లో చెప్పాను. "పోతే పోయిందిలే అమ్మా" అంది. లెక్కల్లో తప్పావని నాకు తెలుసని కూడా చెప్పాను. అటువైపు చాలాసేపు ఏమీ వినిపించలేదు. నేను కూడా మాట్లాడకుండా ఉన్నాను. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

నీ అక్క

*

పిన్ని వాళ్లిల్లు, నా బల్ల దగ్గర

అమ్మా,

నేనే. పిన్ని మెయిల్లోంచి రాస్తున్నాను. పిన్ని పక్కనే నిలబడి ఏమీ చూడనట్టు నటిస్తోంది.

ట్యాంకు లెక్క మొదలుపెట్టాను. ఇక్కడిదాకా వచ్చింది.

నింపే పైపు గంటకి ట్యాంకులో ఆరో వంతు నింపుతుంది.
చిల్లు గంటకి పన్నెండో వంతు ఖాళీ చేస్తుంది.
రెండూ కలిపితే గంటకి నాలుగో వంతు.

మూడో లైను నేనే రాశానమ్మా. ఎవర్నీ అడగలేదు. బాబాయ్ తొంగిచూసి ఏదో అనబోతే పిన్ని చెంచాతో కొట్టింది. తప్పో ఒప్పో నాకు తెలీదు. నువ్వు చెప్పకు. ఫోన్లో కూడా చెప్పకు. ఒట్టు?

దొరసాని

*

స్టాఫ్ క్వార్టర్స్, సగం సర్దిన పెట్టెల మధ్య

దొరసానీ,

మూడు లైన్లూ చూశాను. నోటికి తాళం వేసుకుని, తొడల కింద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికే ఒక చెయ్యి బయటికి తీశాను. మళ్లీ పెట్టేస్తున్నాను.

ఒట్టు. నాలుగో లైను పంపు.

అమ్మ